శీతకాలం... శొంఠికాలం

కార్తీక పున్నమి దాటాక వంశధార, నాగావళి ఒడ్డు ఊళ్ళల్లో పొద్దున్నే ఎదుటి మనిషి ఆనడు. కోసిన వరి పనలు మంచుకి తడిసి, ఎండెక్కేదాకా కుప్పకి పనికిరావు. ఆ వేళప్పుడు పాలకొండ బస్టాండులో నిలబడినా, బొబ్బిలిలో టీ కొట్టు దగ్గర ఆగినా, చీపురుపల్లి స్టేషన్లో రైలు కోసం చూస్తున్నా ముందు చెవిన పడేది దగ్గే. ఇంట్లో ఒకరికి రొంప పట్టిందంటే వారం తిరక్కుండా ఇంటిల్లిపాదినీ చుట్టేస్తుంది. “గుంటడికి రొంప దిగినట్టుందే, మిరియాల పాలు కాసియ్యి” అని అత్త కోడలికి పురమాయించని ఇల్లు శ్రీకాకుళం, విజయనగరం వైపు వెతికినా దొరకదు.

ఆ మిరియాల పాలు రొంపను చంపవు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. రొంప తెచ్చే వైరస్‌లు రెండు వందల రకాలకు పైనే ఉన్నాయి, అందులో పెద్ద వాటా రైనోవైరస్‌లది. ఇంగ్లండులోని సాలిస్‌బరీ దగ్గర 1946లో కేవలం జలుబు కోసమే ఒక పరిశోధన కేంద్రం తెరిచారు. జనం తమంత తామే అక్కడికి వెళ్ళి, ముక్కులో వైరస్ చుక్కలు వేయించుకుని, పదేసి రోజులు ఉండి వచ్చేవారు. నలభై ఏళ్ళకు పైగా నడిచిన ఆ కేంద్రం వల్ల జలుబు ఎలా అంటుకుంటుందో, ఎలా పాకుతుందో చాలా తెలిసింది. నయం చేసే మందు మాత్రం చేతికి రాలేదు. ఇవాళ్టికీ రాలేదు. వైరస్ మీద పనిచేయని యాంటీబయాటిక్‌ను మందుల షాపులో అడిగి కొనుక్కోవడం వల్ల రొంప ఒక్క పూట కూడా ముందుగా తగ్గదు.

తగ్గించేది మన ఒళ్ళే. వారం, పది రోజుల్లో ఆ పని తానే చేసుకుంటుంది. దగ్గు మాత్రం అంత త్వరగా వదలదు. 2013లో అమెరికా పరిశోధకులు చేసిన లెక్క ప్రకారం మామూలు దగ్గు సగటున 18 రోజులు ఉంటుంది. జనం మాత్రం వారానికో, తొమ్మిది రోజులకో పోవాలని అనుకుంటారట. ఆ రెండింటికీ మధ్య మిగిలిన రోజుల్లోనే కంగారుపడి డాక్టర్లను మారుస్తాం, సిరప్‌లను మారుస్తాం.

ఇక మిరియాల పాలెందుకు? ఆ రోజులన్నీ మనిషి ఇంత తినాలి, తాగాలి, కంటినిండా నిద్రపోవాలి. గొంతు మండుతుంటే మింగుడు పడదు, ముక్కు మూసుకుపోతే నిద్ర పట్టదు. ఒళ్ళు తన పని తాను చేసుకునేదాకా మనిషిని నిలబెట్టడమే వంటింటి వైద్యం చేసేది. అది చిన్న పనేమీ కాదు. దాన్ని చాదస్తమని తీసిపారేసేవారితోనూ, సర్వరోగనివారిణి అని సీసాల్లో పోసి అమ్మేవారితోనూ నాకు ఒకేలా పేచీ ఉంది.

కొండ దిగి వచ్చే సరుకు

ఈ వైద్యానికి కావలసిన సరుకు చాలామట్టుకు మన కొండల మీదే పండుతుంది. సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సాలూరు, పాచిపెంట మండలాలు 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. జిల్లా మారినా సంతలు మారలేదు, రాకపోకలు తెగలేదు. సవర, జాతాపు రైతులు కొండవాలుల్లో అల్లం, పసుపు వేస్తారు. వానాకాలమంతా నేలలో ఊరిన అల్లం దుంప చలికాలంలో బయటికొస్తుంది. దాన్ని చెక్కు తీసి ఎండబెడితే శొంఠి. ఆకు ఎండిన తరవాత పసుపు తవ్వి, ఉడకబెట్టి, రోజుల తరబడి ఆరబోస్తారు. ఇదంతా నడుం విరిగే పని. ఆపైన కావిడి భుజాన వేసుకుని సంతకి దిగాలి. సంతలో బేరమాడి రూపాయి తగ్గించుకున్న అల్లం ముక్క వెనక ఇంత చాకిరీ ఉందని తెలిసినవాళ్ళు బేరం ఆడకుండా ఉంటే బాగుంటుంది.

తేనెదీ అదే కథ. పెద్ద తేనెటీగలు ఎత్తయిన చెట్లకీ, కొండ చరియలకీ పట్లు కడతాయి. వాటిని దించడం ప్రాణంతో చెలగాటం. ఆ తేనెనూ, కరక్కాయనూ, చింతపండునూ గిరిజనుల దగ్గర కొనేందుకు 1956లో పుట్టిందే గిరిజన సహకార సంస్థ, మనందరి నోళ్ళలో జీసీసీ. పాడేరు, అరకు వైపు కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ మానులకి మిరియాల తీగ అల్లుకుంటుంది. విశాఖ ఏజెన్సీలో పిప్పలిని కాయకన్నా వేరు కోసమే ఎక్కువగా పెంచుతారు. మూలికల కొట్టులో మోడి అని అడిగితే ఇచ్చేది ఆ వేరునే. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు మూడూ కలిస్తే ఆయుర్వేదం చెప్పే త్రికటు. మూడూ మనకి ఒక పూట ప్రయాణం దూరంలోనే పండుతున్నాయన్నమాట.

వేడి చారు ఏం చేస్తుంది?

బ్రిటన్లోని కార్డిఫ్‌లో 2008లో రొంప పట్టినవారిని కూర్చోబెట్టి ఒక చిన్న పరీక్ష చేశారు. ఒకే పళ్ళరసాన్ని కొందరికి వేడిగా, కొందరికి చల్లారాక ఇచ్చారు. చల్లారినది తాగినవాళ్ళకి ముక్కు కారడం, తుమ్ములు, దగ్గు కాస్త తగ్గాయి. వేడిది తాగినవాళ్ళకి వాటితోపాటు గొంతునొప్పి, వణుకు, నీరసం కూడా అప్పటికప్పుడే తేలికపడ్డాయి. వైరస్ చచ్చిందని కాదు, మనిషి తెరిపిన పడ్డాడని. మన ఇళ్ళల్లో రొంప పట్టినవాడి ముందు పొగలు కక్కే మిరియాల చారు పెట్టడం వెనక ఉన్న తెలివి ఇదే.

ఆ చారుకి పొడి ముందుగా కొట్టి డబ్బాలో పోసుకుంటే వాసన పోతుంది. మిరియాలు, జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు అప్పటికప్పుడు రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. చింతపండు పలచగా పిసకాలి, కరివేపాకు ధారాళంగా వేయాలి. ఒక్క పొంగు రాగానే దించేయాలి. మిరియంలోని ఘాటుకి ముక్కులోని చీమిడి పలచబడి కిందికి జారుతుంది, బిగుసుకున్న ముక్కు కాస్త వదులవుతుంది. మాంసం తినేవాళ్ళ ఇళ్ళల్లో నాటుకోడి చారుదీ ఇదే హోదా. అమెరికాలోని నెబ్రాస్కాలో 2000లో కోడి సూపును ప్రయోగశాలలో పరీక్షించి, అది వాపుకి దోహదం చేసే తెల్లరక్తకణాల కదలికను నెమ్మదింపజేస్తోందని చూశారు. అది గాజు పాత్రలో జరిగిన పరీక్ష, మనుషుల మీద కాదు. కాబట్టి అంతకుమించి దానికి గొప్పలు అంటగట్టకూడదు.

గొంతుకి ఉప్పునీళ్ళు పుక్కిలించడం దమ్మిడీ ఖర్చు లేని పని. జపాన్లో క్యోటో పరిశోధకులు 2005లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, రోజూ వట్టి నీళ్ళు పుక్కిలించినవాళ్ళకి రొంపలు మూడోవంతుకు పైగా తగ్గాయి. మందు కలిపిన నీళ్ళు పుక్కిలించినవాళ్ళకి ఆపాటి లాభం కూడా కనిపించలేదు.

పసుపు పాలలో చిటికెడు మిరియాల పొడి వేయడం ఎవరు మొదలుపెట్టారో గాని, మంచి పని చేశారు. పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి పట్టడం చాలా కష్టం. మిరియంలోని పైపెరిన్ తోడైతే అది రక్తంలోకి 20 రెట్లు ఎక్కువగా చేరుతుందని బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 1998లో చూపించారు. అయితే వాళ్ళు కొలిచింది రక్తంలో కర్క్యుమిన్‌ని, రొంప తగ్గడాన్ని కాదు. రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చగా గొంతు దిగే పసుపు పాలకి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నాకైతే అక్కర్లేదు.

పెరట్లో వామాకు మొక్క ఉంటే రెండాకులు కడిగి నమలొచ్చు, నీళ్ళల్లో మరిగించి తాగొచ్చు. వాములో ఘాటైన వాసననిచ్చే థైమాల్ నోటిని శుభ్రం చేసే మందుల్లోనూ వాడతారు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటే ఊటగా లాలాజలం వచ్చి గొంతు గరగర తగ్గుతుంది. రాత్రి బస్సు నడిపేవాళ్ళు, హరికథ చెప్పేవాళ్ళు ఈ ముక్కని నమ్ముకుంటారు.

వీటన్నిటిలోకీ నాకు ఎక్కువ గౌరవం అడ్డసరం మీద. మేకలు ముట్టని ఆకు గనక కంచెకి వేస్తారు. ఆ ఆకు కషాయం దగ్గుకి వాడడం ఎప్పటినుంచో ఉంది. అందులోని వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకునే 1960ల్లో బ్రోమ్‌హెక్సిన్ అనే మందు వచ్చింది. కఫాన్ని పలచబరిచే ఆ మందూ, దాని నుంచి వచ్చిన ఆంబ్రాక్సాలూ ఇప్పటికీ సిరప్ సీసాల మీద కనిపిస్తాయి. కంచె మీది ఆకు ప్రపంచమంతటా తిరిగి మందుల షాపుకి చేరిందని గర్వపడొచ్చు. అదే సమయంలో ఒకటి గుర్తుంచుకోవాలి: మందుగా పనిచేసే ఆకు మందులాగే హాని కూడా చేయగలదు. అడ్డసరం గర్భసంచిని కదిలిస్తుంది, గర్భిణులు దాని జోలికి వెళ్ళకూడదు.

ఆవిరి పట్టడం గురించి రెండు ముక్కలు. ముసుగేసుకుని వేడి ఆవిరి పీలిస్తే ఆ కాసేపూ హాయిగా ఉండే మాట నిజం. రొంప దానివల్ల త్వరగా తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదు. పిల్లల చేత మాత్రం పట్టించొద్దు. మరుగుతున్న గిన్నె ఒళ్ళో ఒలికి ఒళ్ళు కాలిన పిల్లలు ప్రతి చలికాలం ఆసుపత్రులకి వస్తూనే ఉంటారు.

కాళ్ళు తడిస్తే రొంపా?

“మంచులో తిరక్కు, కాళ్ళు తడుపుకోకు” అని మామ్మలు కసిరితే, వైరస్ లేకుండా రొంప రాదని చదువుకున్న మనవలు ఎదురు చెబుతారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. 2005లో కార్డిఫ్‌లోనే 180 మందితో ఇంకో పరీక్ష జరిగింది. సగం మంది పాదాలను 20 నిమిషాలు చల్లనీళ్ళలో పెట్టించారు, మిగతా సగం మందిని ఖాళీ తొట్టిలో. తరవాతి నాలుగైదు రోజుల్లో చల్లనీళ్ళలో పెట్టినవాళ్ళలో 29 శాతం మందికి రొంప లక్షణాలు వచ్చాయి, రెండోవాళ్ళలో 9 శాతం మందికే. పాదాలు చల్లబడితే ముక్కులోని రక్తనాళాలు ముడుచుకుంటాయని, అప్పటికే లోపల పొంచి ఉన్న వైరస్‌కి అది అదనని ఆ పరిశోధకులు ఊహించారు. మామ్మలు ఈ సంగతిని వైరస్ పేరు తెలియకుండానే కనిపెట్టారు.

దీనికితోడు పెద్దపండగ. చెన్నై, హైదరాబాద్, విజయవాడల్లో కూలికి, కట్టడం పనులకి వెళ్ళినవాళ్ళంతా కిక్కిరిసిన రైళ్ళల్లో పలాసకో, శ్రీకాకుళం రోడ్‌కో, విజయనగరానికో దిగుతారు. తలుపులన్నీ మూసిన ఇంట్లో పది మంది ఒకే గదిలో పడుకుంటారు. ఏడాదికోసారి చూసే మనవణ్ణి తాతమ్మ ఒళ్ళోకి తీసుకోకుండా ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. మనవడికి ముక్కు కారుతుంటే ముందు వాడి చేతులు సబ్బుతో కడిగించండి, పగలు తలుపులు తీసి ఉంచండి. భోగిమంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయకండి. ఉబ్బసం ఉన్న ముసలివాళ్ళకి ఆ పొగ వారం రోజుల ఆయాసం.

పసివాళ్ళ దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకుని

2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగిన పసిపిల్లలు మూత్రపిండాలు చెడిపోయి వరసగా చనిపోయారు. 20 మందికి పైగా. సిరప్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక విషం 48.6 శాతం ఉందని తమిళనాడు అధికారుల పరీక్షలో తేలింది. అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రెండేళ్ళలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దనీ, అయిదేళ్ళలోపు వారికి మామూలుగా అవి అక్కర్లేదనీ రాష్ట్రాలకి రాసింది. ఆ తల్లులు చేసిన తప్పేమీ లేదు. దగ్గుతున్న బిడ్డకి డాక్టరు రాసిన మందు పట్టారు, అంతే.

మరి దగ్గే బిడ్డకి ఏమివ్వాలి? ఏడాది దాటినవాళ్ళకి తేనె. 2007లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో 105 మంది పిల్లల మీద జరిగిన పరీక్షలో, పడుకునే ముందు ఒక మోతాదు తేనె తాగినవాళ్ళు ఏమీ తాగనివాళ్ళకన్నా తక్కువ దగ్గి, మెరుగ్గా నిద్రపోయారు. రెండు నుంచి అయిదేళ్ళ వారికి అర చెంచా, పదకొండేళ్ళ దాకా ఒక చెంచా, ఆపైన రెండు చెంచాలు అందులో వాడిన కొలత. ఏడాదిలోపు పసికందుకి మాత్రం తేనె నాకించకూడదు. అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసివాళ్ళ పేగుల్లో విషాన్ని పుట్టించి కండరాలను పడేస్తుంది. ఆ వయసులో తల్లిపాలే మందు. ముక్కు బిగిస్తే ఉప్పునీటి చుక్కలు చాలు.

పసివాళ్ళ ముక్కులో నూనె చుక్కలు వేసే అలవాటు ఇంకా ఉంది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. కర్పూరం కలిపిన నూనె రెండేళ్ళలోపు వాళ్ళ ఛాతీకి రాయొద్దు, కర్పూరం ఒంట్లోకి వెళితే మూర్ఛలు వస్తాయి. ఇక వాతలు. సరిహద్దు అవతల ఒడిశాలోని నబరంగ్‌పూర్‌లో జబ్బు చేసిన శిశువులకి ఇనుముతో వాతలు పెట్టిన సంగతులు ఈమధ్య కూడా వార్తల్లోకి వచ్చాయి. పాతదల్లా మంచిదని వెనకేసుకురావడం పసిబిడ్డ ఒంటి మీద వాత దగ్గర ఆగిపోవాలి.

ఉద్దానం వాళ్ళకి ఇంకో మాట

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఏ ఊళ్ళో అడిగినా కిడ్నీ రోగం లేని వీధి ఉండదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. ఆ ప్రాంతం వాళ్ళు రొంప పట్టినప్పుడు మిగతావాళ్ళకన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఒళ్ళునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు వేసుకుంటే దెబ్బతిన్న కిడ్నీ ఇంకా దెబ్బతింటుంది. జ్వరానికి పారాసిటమాల్, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే.

నాటు మందులకీ ఇదే వర్తిస్తుంది. చారు తాగండి, అల్లం టీ తాగండి. పొట్లంలో కట్టిచ్చే పేరు లేని భస్మాలు మాత్రం వద్దు. ఇంటర్నెట్లో అమ్మే 193 ఆయుర్వేద మందులను 2008లో అమెరికాలో పరీక్షిస్తే దాదాపు అయిదో వంతు మందుల్లో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించాయి. గొంతుకి చల్లదనమిచ్చే అతిమధురం రోజూ వాడితే రక్తపోటు పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. బీపీ, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళకి అది పనికిరాదు.

కషాయానికి లొంగని దగ్గు

పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్ళు కొందరు చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దాన్నే అడ్డపొగ అంటాం. 1971లో వెలువడిన ఒక అధ్యయనం కోసం శ్రీకాకుళం జిల్లా గ్రామాల్లో 10,169 మందిని పరీక్షిస్తే నూటికి నలభై మందికి పైగా ఈ అలవాటు ఉందని తేలింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది, అంటే ఆ అధ్యయనం నాటికి అక్కడి కొన్ని తాలూకాలు శ్రీకాకుళంలోనే ఉన్నాయి. ఆ పరిశోధకులు చూసింది అంగిట్లో పుట్టే పుళ్ళను, కేన్సర్‌ను. ఆ పొగ ఊపిరితిత్తుల్లోకీ వెళుతుంది. దానికి కట్టెల పొయ్యి పొగ తోడు. చలికాలంలో ముదిరే అమ్మల దగ్గుకి రొంపే కారణమని శొంఠి కషాయం కాచి ఇస్తూ కూర్చుంటే ఏళ్ళు గడిచిపోతాయి. చుట్ట మానిపించాలి, పొయ్యిని గాలి ఆడే చోటికి మార్చాలి, ఊపిరితిత్తుల పరీక్ష చేయించాలి.

మామూలు దగ్గు కూడా 18 రోజులు ఉండొచ్చు, అయినా రెండు వారాలు దాటితే చుట్ట తాగినా తాగకపోయినా గళ్ళ పరీక్ష చేయించాల్సిందే. టీబీ ఉందో లేదో ప్రభుత్వాసుపత్రిలో పైసా లేకుండా తేలుస్తారు, ఉంటే మందులూ ఉచితమే. రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, సాయంత్రం పూట జ్వరం తగులుతున్నా ఆ రెండు వారాలు కూడా ఆగకూడదు.

పసివాళ్ళకైతే లెక్కపెట్టాల్సింది రోజులు కాదు, ఊపిరి. బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి నిండా ఒక నిమిషం చూడాలి. రెండు నెలలలోపు బిడ్డ 60 సార్లు, ఏడాదిలోపు బిడ్డ 50 సార్లు, అయిదేళ్ళలోపు బిడ్డ 40 సార్లు లేదా అంతకుమించి ఊపిరి తీస్తుంటే అది రొంప కాదు, న్యుమోనియా కావచ్చు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా ఆ క్షణమే 108కి ఫోన్ చేయాలి. కేంద్రం 2019లో మొదలుపెట్టిన ‘సాన్స్’ కార్యక్రమం ఏటా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పని కోసమే నడుస్తుంది. ఆసుపత్రికి పంపేముందు తొలి మోతాదు అమాక్సిసిలిన్‌ను ఊళ్ళోనే ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. మీ ఆశా కార్యకర్త దగ్గర ఆ మందు ఉందో లేదో జబ్బు రాకముందే అడిగి తెలుసుకోండి.

కొండ మీది ఊళ్ళకి ఆ ఫోను సిగ్నల్ అందదు, అందినా బండి రాదు. మనకి అల్లం, పసుపు, తేనె పంపే గూడేల్లో కొన్నింటికి ఇప్పటికీ డోలీయే దారి. గుక్క తిప్పుకోలేని బిడ్డను ఎత్తుకుని కొండ దిగేసరికి గంటలు గడుస్తాయి, ఆ గంటల్లో ఏ కషాయమూ పనిచేయదు. చలికాలం మొదలయ్యే ముందే ప్రతి గూడెంలో అమాక్సిసిలిన్, ఊపిరి లెక్కపెట్టే గడియారం, దాన్ని చూసి చెప్పగల మనిషి ఉండాలి. ఆ గూడేలకి రోడ్డు వేయాలి. సీతంపేట సంతలో శొంఠి కొనే మనమందరం కూడా అడగాల్సిన రోడ్డు అది.